మనోలో మార్క్వెజ్ మూడేళ్లు: కోచ్ కట్టిన జట్టు, ఎవరూ కట్టని క్లబ్

ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో ఆడిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఊసెత్తితే పాలమూరులో అయినా నల్లగొండలో అయినా ఫుట్‌బాల్ చూసే కుర్రాళ్ల నోట వచ్చే మాట దాదాపు ఒక్కటే. "మనోలో ఉన్నన్నాళ్లు టీం ఉంది. ఆయన పోయాడు, టీం పోయింది." పైపైన చూస్తే లెక్కలు కూడా దీనికే వంత పాడతాయి. ఆయన రాకముందు సీజన్‌లో జట్టుది పట్టికలో ఆఖరి స్థానం. ఆయన వెళ్లిపోయిన సీజన్‌లో మళ్లీ ఆఖరి స్థానం. మధ్యలో మూడేళ్లు: ఒక ఐదో స్థానం, రెండు రెండో స్థానాలు, ఒక టైటిల్. ఇంత చక్కగా కుదిరిన కథను కాదనడం కష్టమే.

కానీ ఈ మాటలో చిన్న మోసం ఉంది. ఒక కోచ్ పనితనాన్ని ఆయన వెళ్లాక జరిగిన పతనంతో కొలిస్తే ఆయనకు రాని మార్కులు కొన్ని పడతాయి, రావాల్సినవి కొన్ని పోతాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ కూలిపోయింది కోచ్ మారినందుకు కాదు, జీతాలు ఆగిపోయినందుకు. కాబట్టి 2020 నుంచి 2023 వరకు స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ చేసిన పనిని ఆ మూడేళ్లలోనే వెతకాలి, ఆ తర్వాతి శిథిలాల్లో కాదు.

ఆయన చేతికి వచ్చిన జట్టు ఏ స్థితిలో ఉందో ముందు చూడాలి. ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడ్డాక, ఆ చోటులో 2019 ఆగస్టులో హడావుడిగా పుట్టిన క్లబ్ ఇది. సీజన్ మొదలయ్యేది అక్టోబర్‌లో. ఆటగాళ్లను ఎంచుకోవడానికి, కలిపి ఆడించి చూడడానికి సరైన సమయమే దొరకలేదు. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 0-5తో ఓటమి. ఇంగ్లండ్ కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలో, 2020 జనవరిలో పంపించేశారు. మొత్తం 18 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండు, వచ్చిన పాయింట్లు పది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి ఆ ఏడాది ఆశగా వెళ్లిన అభిమానులు చూసింది ఎక్కువగా ఓటములే.

నిజానికి మనోలో మొదటి ఎంపిక కూడా కాదు. 2020-21 సీజన్ కోసం క్లబ్ అల్బర్ట్ రోకాను నియమించుకుంది. బెంగళూరు ఎఫ్‌సీని ఆసియా స్థాయిలో ఆడించిన పేరున్న కోచ్ ఆయన. తీరా చూస్తే ఆగస్టులో బార్సిలోనా నుంచి పిలుపొచ్చి వెళ్లిపోయాడు. ఆ పిలుపును ఎవరు మాత్రం కాదంటారు? ఆ ఖాళీలో, ఆగస్టు చివర మనోలో పేరు బయటికొచ్చింది. లాస్ పాల్మాస్ జట్టును 2017లో స్పెయిన్ పెద్ద లీగ్ లా లిగాలో కొద్ది వారాలు నడిపాడు, క్రొయేషియాలో, థాయిలాండ్‌లో పనిచేశాడు. ఇక్కడి అభిమానికి ఆ పేరు అప్పటికి కొత్త. పెద్దగా ఆశలేమీ పెట్టుకోకపోవడమే ఒకరకంగా ఆయనకు కలిసొచ్చింది.

డ్రాల సీజన్

మొదటి సీజన్ లెక్క విచిత్రంగా ఉంటుంది. 20 మ్యాచ్‌లు, ఆరు గెలుపులు, మూడు ఓటములు, పదకొండు డ్రాలు. ఆ మూడు ఓటములూ 2020 డిసెంబర్ రెండో సగంలో వరసగా వచ్చాయి: ముంబై, కేరళ, గోవా. ఆ తర్వాత పన్నెండు మ్యాచ్‌ల్లో ఒక్కటీ ఓడలేదు. అయినా ప్లేఆఫ్స్‌కు చేరలేదు. చివరి మ్యాచ్‌లో గోవాను ఓడిస్తే చాలు, నాలుగో స్థానం దక్కేది. అది కూడా 0-0. పదకొండో డ్రా. జట్టు 29 పాయింట్లతో ఐదో స్థానంలో ఆగిపోయింది.

క్రికెట్‌కు అలవాటు పడిన కంటికి డ్రా అంటే విసుగు. స్కోరు చూసి "మళ్లీ సున్నా-సున్నానా?" అని టీవీ కట్టేసేవాళ్లే ఎక్కువ. కానీ ముందు ఏడాది దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ గోల్స్ సమర్పించుకున్న జట్టుకు ఓడకుండా ఉండడం నేర్పడమే మొదటి పాఠం. మనోలో చేసింది అదే. వెనకాల నలుగురిని కదలకుండా నిలబెట్టాడు. వాళ్ల ముందు బ్రెజిల్ ఆటగాడు జోవో విక్టర్ కాపలా. గోల్ చేసే బాధ్యత ఎక్కువగా కెప్టెన్ అరిడానే సంటానాది. ఆ సీజన్‌లో అతనొక్కడే పది గోల్స్ చేశాడు. ఆట అందంగా ఉందా అంటే కొన్ని రోజులు ఉంది, చాలా రోజులు లేదు. కానీ ఎదుటి జట్టుకు ఈ జట్టంటే చిరాకు పుట్టడం మొదలైంది.

ఆ సీజన్‌లో మరొక విషయం చాప కింద నీరులా జరిగింది. గాయాల వల్ల విదేశీ ఆటగాళ్లు మాటిమాటికీ దూరమయ్యారు. అప్పటి నిబంధన ప్రకారం మైదానంలో ఒకేసారి ఐదుగురు విదేశీయులు ఉండవచ్చు. ఇతర జట్లు ఆ ఐదు స్థానాలనూ గట్టిగా వాడుకుంటుంటే హైదరాబాద్ మాత్రం ఇరవైకి అటూ ఇటూ ఉన్న భారతీయ కుర్రాళ్లను పదేపదే ఆడించాల్సి వచ్చింది. ఎడమవైపు ఆకాశ్ మిశ్రా, కుడివైపు ఆశిష్ రాయ్, ముందు లిస్టన్ కొలాసో, మొహమ్మద్ యాసిర్, మధ్యలో హితేశ్ శర్మ, వెనక చింగ్లెన్‌సనా సింగ్. ఇది అవసరం కొద్దీ మొదలై ఉండొచ్చు. కానీ అవసరం తీరాక కూడా వాళ్లను బెంచీకి పంపకపోవడం కోచ్ నిర్ణయం. ఒక తప్పు చేసిన కుర్రాడిని మరుసటి మ్యాచ్‌లో పక్కన పెట్టడం మన దగ్గర మామూలే, స్కూల్ జట్టు నుంచి రాష్ట్ర జట్టు దాకా. మనోలో జట్టు జాబితాలు చూస్తే ఆ అలవాటు పెద్దగా కనిపించదు.

ఫలితం త్వరగానే తెలిసింది. 2021 మార్చిలో దుబాయ్‌లో ఒమన్‌తో జరిగిన మ్యాచ్‌లో భారత జట్టుకు చాలామంది కొత్తవాళ్లు ఆడారు. వాళ్లలో ఆకాశ్ మిశ్రా, చింగ్లెన్‌సనా, యాసిర్ ముగ్గురూ హైదరాబాద్ వాళ్లే. లిస్టన్ అయితే ఆ వేసవిలోనే ఏటీకే మోహన్ బగాన్‌కు అమ్ముడుపోయాడు. భారతీయ ఆటగాడి కోసం ఒక క్లబ్ మరో క్లబ్‌కు అప్పటిదాకా చెల్లించిన పెద్ద మొత్తాల్లో అదొకటి.

ఇక్కడే అదృష్టం కూడా కొంత కలిసింది. 2021-22 నుంచి నిబంధన మారింది: మైదానంలో విదేశీయులు నలుగురే, కనీసం ఏడుగురు భారతీయులు ఉండాలి. విదేశీయుల మీద ఆధారపడిన జట్లు ఆ ఐదో వాడి చోటు ఎలా నింపాలా అని తలపట్టుకున్నాయి. హైదరాబాద్‌కు ఆ బెంగ లేదు. ఒక ఏడాది ముందే పరీక్ష రాసి కూర్చున్న కుర్రాళ్లు ఉన్నారు. మనోలో మూడేళ్ల కథలో అసలు మలుపు నైజీరియా స్ట్రైకర్ ఓగ్బెచే రాక కంటే ఇదే. కానీ హైలైట్ల వీడియోల్లో నిబంధనలు కనిపించవు కదా.

కట్టిమణి చేతులు

బార్తొలోమ్యూ ఓగ్బెచే రాక మాత్రం చిన్న విషయమేమీ కాదు. నైజీరియా తరఫున 2002 ప్రపంచ కప్‌లో ఆడిన స్ట్రైకర్. ముంబై నుంచి హైదరాబాద్‌కు వచ్చేటప్పటికి వయసు ముప్పై ఆరు దాటింది. పరుగు తగ్గింది, కానీ పెనాల్టీ బాక్స్‌లో ఎక్కడ నిలబడాలో అతనికి తెలిసినంతగా ఈ లీగ్‌లో ఇంకెవరికీ తెలియదు. ఆ సీజన్‌లో 18 గోల్స్ చేసి గోల్డెన్ బూట్ అందుకున్నాడు. ఐఎస్ఎల్ చరిత్రలో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యిందీ ఆ సీజన్‌లోనే. ముందు ఏడాది డ్రాలతో సరిపెట్టుకున్న జట్టు ఇప్పుడు ఈస్ట్ బెంగాల్‌ను 4-0తో చిత్తు చేసింది. అందులో మూడు గోల్స్ ఓగ్బెచేవే. ఆకాశ్, ఆశిష్ ఇద్దరూ రెండు వైపుల నుంచి ముందుకు దూసుకెళ్లేవారు, వాళ్లు వదిలిన ఖాళీని జోవో విక్టర్ కాసేవాడు, లోపల ఓగ్బెచే కాచుకుని ఉండేవాడు. చెప్పడానికి సులువైన ఆటే, ఆపడం కష్టమైంది.

లీగ్ దశలో 38 పాయింట్లతో రెండో స్థానం. జంషెడ్‌పూర్ 43తో మొదటిది. సెమీఫైనల్లో మోహన్ బగాన్‌పై తొలి అంచెలో 3-1 గెలుపు, మలి అంచెలో 0-1 ఓటమి. మొత్తం మీద 3-2తో బతికి బయటపడ్డారు.

2022 మార్చి 20. గోవా ఫతోర్దా మైదానం. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. రెండు సీజన్లు కోవిడ్ వల్ల ఖాళీ గ్యాలరీల ముందు సాగాక, ఫైనల్‌కు ప్రేక్షకులను అనుమతించారు. గ్యాలరీ నిండా పసుపు రంగే. కాకపోతే ఆ పసుపు కేరళది. మైదానంలో పసుపు జెర్సీ వేసుకున్నది హైదరాబాద్, లీగ్ దశలో పైన నిలిచినందుకు. కేరళ ఆటగాళ్లు నల్ల జెర్సీలతో ఆడారు. అంటే తమ రంగు వేసుకున్న జట్టుకు వ్యతిరేకంగా వేలమంది అరుస్తున్నారన్నమాట.

రెండో సగంలో కేపీ రాహుల్ గోల్‌తో కేరళ ముందుకెళ్లింది. 88వ నిమిషం దాకా కప్పు వాళ్లదే. అప్పుడు సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి బంతి కింద పడకముందే కొట్టాడు. 1-1. ఎక్స్‌ట్రా టైంలో ఏమీ తేలలేదు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ముగ్గురిని ఆపాడు. వాళ్లలో నిషు కుమార్‌ను అయితే రెండుసార్లు ఆపాల్సి వచ్చింది, మొదటి కిక్ మళ్లీ కొట్టించారు కాబట్టి. 3-1తో కప్పు హైదరాబాద్‌ది.

కట్టిమణి గతం తెలిసినవాళ్లకు ఆ సాయంత్రం ఇంకో రకంగా గుర్తుంటుంది. ఇదే ఫతోర్దాలో 2015 డిసెంబర్‌లో ఐఎస్ఎల్ ఫైనల్ జరిగింది. అప్పుడతను సొంత రాష్ట్రం గోవా గోల్‌కీపర్. ఆట ముగిసే నిమిషాల్లో బంతి అతని చేతికి తగిలే సొంత గోల్‌లో పడింది. ఆ వెంటనే చెన్నై ఇంకో గోల్ కొట్టి కప్పు ఎత్తుకుపోయింది. ఆ తర్వాతి ఏళ్లలో గోవా అతన్ని వదిలేసుకుంది, లీగ్ అతన్ని దాదాపు మరిచిపోయింది. అలాంటి కీపర్‌ను మొదటి ఎంపికగా నమ్మి ఫైనల్ దాకా తీసుకెళ్లడం మనోలో తీసుకున్న నిర్ణయాల్లో ఎక్కువ ప్రశంసకు నోచుకోనిది. కుర్రాళ్లను నమ్మడం గురించి అందరూ రాశారు. పక్కన పడేసిన ముప్పై ఏళ్లవాడిని నమ్మడం కూడా అంతే గొప్ప విషయం.

ఇల్లు లేని ఛాంపియన్లు

ఆ కప్పులో ఒక లోటు ఉంది. తెలంగాణ అభిమానికి మాత్రమే తెలిసే లోటు. 2020-21, 2021-22 సీజన్లు రెండూ బయో బబుల్ కారణంగా పూర్తిగా గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఛాంపియన్ అయిన సీజన్‌లో హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు. జట్టు పేరులో నగరం ఉంది, నగరంలో జట్టు లేదు. అభిమానం అంతా ఫోన్‌లో హాట్‌స్టార్ మీదే పెరిగింది.

ఒకరకంగా అది జిల్లాలవాళ్లకు మేలే చేసింది. మైదానంలోకి ఎవరికీ ప్రవేశం లేనప్పుడు కొండాపూర్ వాడికీ కొల్లాపూర్ వాడికీ తేడా ఉండదు. ఇద్దరిదీ ఆ చిన్న తెరే. కరోనా కాలంలో ఇళ్లకు తిరిగొచ్చి ఊళ్లో కూర్చున్న డిగ్రీ కుర్రాళ్లు, రాత్రి ఏడున్నర తర్వాత ఇంకేం చేయాలో తోచక ఐఎస్ఎల్ చూడడం అలవాటు చేసుకున్నవాళ్లు దక్షిణ తెలంగాణలో తక్కువేమీ కాదు. యూరప్ క్లబ్బుల జెర్సీలు వేసుకుని తిరిగే వయసులో, తమ రాజధాని పేరుతో ఒక జట్టు గెలుస్తుంటే చూడడం వేరే సంగతి.

2022 అక్టోబర్‌లో జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. ఛాంపియన్లుగా సొంత గడ్డ మీద అడుగు పెట్టారు, బెంగళూరును 1-0తో ఓడించారు. అప్పుడు దూరం మళ్లీ దూరమే అయింది. నల్లగొండ నుంచి బస్సెక్కితే దిగేది ఎల్బీనగర్ వైపు, స్టేడియం నగరానికి అటు చివర. మెట్రోలో ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట, అక్కడ మారి రాయదుర్గం, ఆపైన ఆటో. పాలమూరు వాళ్లకు బెంగళూరు హైవే మీదుగా శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కితే కాస్త నయం, అదీ సొంత బండి ఉంటే. మ్యాచ్ ముగిసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ వేళకు మళ్లీ వంద కిలోమీటర్లు ఇల్లు చేరాలి. అందుకే గ్యాలరీలో కనిపించిన జిల్లా కుర్రాళ్లలో ఎక్కువమంది హైదరాబాద్ హాస్టళ్లలో, పీజీల్లో ఉండి చదువుకునేవాళ్లో, పనిచేసేవాళ్లో. ఊరి నుంచి వచ్చి చూసి వెళ్లేవాళ్లను లెక్కపెట్టుకోవచ్చు.

ఈ విషయంలో కోచ్‌ను తప్పుబట్టడానికేమీ లేదు. బస్సు టైంలు చూడడం కోచ్ పని కాదు. కానీ క్లబ్ పని అవును. ఒక టైటిల్ గెలిచిన వెంటనే, ఆ వేడి చల్లారకముందే, కప్పును జిల్లా కేంద్రాలకు తిప్పడం, నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లోనో మహబూబ్‌నగర్ స్టేడియంలోనో ఒక ప్రదర్శన మ్యాచ్ పెట్టడం, పీఈటీ సార్లను పిలిచి కూర్చోబెట్టడం పెద్ద ఖర్చేమీ కాదు. అప్పటి రాష్ట్ర క్రీడల మంత్రి కూడా మహబూబ్‌నగర్ ఎమ్మెల్యేనే. అయినా జట్టు గాలి ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఇటువైపు పెద్దగా వీచలేదు.

ఇక జట్టులో తెలంగాణ కుర్రాళ్ల సంగతి. ఆకాశ్ ఉత్తర్‌ప్రదేశ్, ఆశిష్ సిక్కిం, యాసిర్, చింగ్లెన్‌సనా మణిపూర్, వింగర్ హాలిచరణ్ నార్జరీ అస్సాం, కట్టిమణి గోవా. ఆ మూడేళ్లలో నిలకడగా ఆడినవాళ్లలో మన జిల్లాల పేరు వెతికినా దొరకదు. యువతను నమ్మిన కోచ్ అని పేరు తెచ్చుకున్న మనిషి హయాంలో ఇది కొరతే. అయితే న్యాయంగా మాట్లాడుకోవాలి. కోచ్ తన ముందుకు వచ్చినవాళ్లలోంచి ఎంచుకుంటాడు. పదేళ్ల వయసు నుంచి బంతితో పెరిగిన కుర్రాడు ఐజాల్‌లోనో ఇంఫాల్‌లోనో దొరికినట్టు దేవరకొండలోనో వనపర్తిలోనో దొరకడు. ఇక్కడ సాయంత్రం ఖాళీ జాగా కనిపిస్తే క్రికెట్, వాలీబాల్, కబడ్డీ. ఈ లోటు మనోలో ఖాతాలో వేయడం సులువే గానీ సరికాదు.

మనోలో ఖాతాలో వేయాల్సినవి

మూడో సీజన్, అంటే 2022-23, అంకెల ప్రకారం అన్నిటికన్నా మెరుగైనది. 20 మ్యాచ్‌ల్లో 13 గెలుపులు, 42 పాయింట్లు. సమర్పించుకున్న గోల్స్ పదహారే. ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు వెళ్లిపోయాడు, లిస్టన్ అంతకుముందే వెళ్లాడు, అయినా జట్టు తగ్గలేదు. కట్టిమణి చోట గుర్మీత్ సింగ్ నిలదొక్కుకున్నాడు. కుడివైపు ఖాళీలో నిఖిల్ పూజారి ఫుల్‌బ్యాక్‌గా మారాడు. వింగర్‌గా మొదలైన ఆటగాడిని వెనక్కి తెచ్చి భారత జట్టు డిఫెండర్ స్థాయికి చేర్చడం ఈ కోచ్ చేతిపనికి మంచి ఉదాహరణ.

అయినా ముంబై 46తో పైన నిలిచింది. సెమీఫైనల్లో మోహన్ బగాన్‌తో గచ్చిబౌలిలో 0-0, కోల్‌కతాలో 0-0, షూటౌట్‌లో 3-4 ఓటమి. కొద్ది వారాలకే ఆసియా క్లబ్బుల టోర్నీ ఏఎఫ్‌సీ కప్ అర్హత కోసం ఆడిన మ్యాచ్‌లో కూడా అదే మోహన్ బగాన్ చేతిలో ఓటమి. అంతకుముందు 2022 డ్యురాండ్ కప్ సెమీస్‌లో బెంగళూరు చేతిలో 0-1. ఛాంపియన్ జట్టు ఆసియా టోర్నీ గడప తొక్కకుండానే ఆగిపోయింది.

అభిమానులు ఇక్కడ మాట దాటేస్తారు. "దురదృష్టం" అని సరిపెట్టుకుంటారు. 210 నిమిషాలు ఒక్క గోల్ కూడా పడకపోవడం పూర్తిగా దురదృష్టం కాదు. ఓగ్బెచే ముప్పై ఎనిమిదో ఏట పది గోల్స్ చేశాడు, అతనికి జోహార్లు. కానీ అతను గాడి తప్పిన రోజున గోల్ ఎవరు కొట్టాలన్న ప్రశ్నకు మూడేళ్లలోనూ సరైన జవాబు దొరకలేదు. మొదట అరిడానే, తర్వాత ఓగ్బెచే. ఎప్పుడూ ఒక విదేశీ స్ట్రైకర్ భుజాల మీదే. భారతీయ ఫుల్‌బ్యాక్‌లను తయారుచేసిన కోచ్ ఒక భారతీయ స్ట్రైకర్‌ను తయారుచేయలేకపోయాడు. ఇది భారత ఫుట్‌బాల్ మొత్తానికీ ఉన్న జబ్బే, నిజం. అయినా రోహిత్ దానూ లాంటి కుర్ర స్ట్రైకర్‌కు ఇంకొన్ని పూర్తి మ్యాచ్‌లు దక్కాల్సింది.

ఇంకో సంగతి. లీగ్ మ్యాచ్‌ల్లో ఎదుటి జట్టు పొరపాటు కోసం ఓపిగ్గా కాచుకునే మనోలో పద్ధతి నాకౌట్‌లో అంతగా పనిచేయలేదు. అవతలివాళ్లు కూడా కాచుకుని కూర్చుంటే ఆట గడ్డకట్టుకుపోతుంది. ఆ రెండు సున్నాల సెమీస్ అలాంటిదే. ఒక సబ్‌స్టిట్యూట్‌ను పది నిమిషాలు ముందు పంపి ఉంటే అన్న మాట ఇప్పటికీ వాదనల్లో వస్తుంది. తేలే విషయం కాదు.

పతనం ఎవరిది?

2023 వేసవిలో మనోలో ఎఫ్‌సీ గోవాకు వెళ్లిపోయాడు. ఆకాశ్ మిశ్రా ముంబైకి. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. కొత్త కోచ్ కొనర్ నెస్టర్ కొద్ది నెలల్లోనే వెళ్లిపోయాడు. జీతాల బకాయిల మీద ఫిర్యాదులు ఫిఫా దాకా వెళ్లాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. 2024 జనవరిలో విదేశీయుల్లో చాలామంది, భారతీయుల్లో కొందరు సర్దుకుని బయల్దేరారు. అప్పటిదాకా సహాయకుడిగా ఉన్న థాంగ్‌బోయ్ సింగ్టో, మిగిలిన కుర్రాళ్లతో సీజన్ నెట్టుకొచ్చాడు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక గెలుపు, ఎనిమిది పాయింట్లు. ఆ ఏడాదే యాజమాన్యం చేతులు మారింది. చివరకు 2025లో క్లబ్ ఏకంగా ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

మనోలో ఉండి ఉంటే ఇది ఆగేదా? ఆగేది కాదు. జీతం రాని ఆటగాడిని ఏ కోచ్ ఎన్ని నెలలు ఆపగలడు? కౌలు రైతు మూడు పంటలు బంగారంలా పండించినా పట్టా తన పేరు మీద ఉండదు. భూమి అమ్మేయాలని ఆసామి అనుకుంటే ఆ పంటల లెక్క ఎవరూ అడగరు. మనోలో పరిస్థితి అంతే. ఆయన జట్టును కట్టాడు. క్లబ్‌ను కట్టాల్సింది ఇంకెవరో, వాళ్లు కట్టలేదు. ఆటగాళ్లను అమ్మిన డబ్బు వచ్చింది, కప్పు వచ్చింది, పేరు వచ్చింది. సొంత శిక్షణ మైదానం, జిల్లాల దాకా వేళ్లు దిగిన అకాడమీ, నిలకడైన ఆదాయం మాత్రం రాలేదు.

హైదరాబాద్‌కు ఇది కొత్త పాఠం కూడా కాదు, కాకపోతే పాత పాఠం వేరే దిశలో ఉంది. ఈ నగరం ఫుట్‌బాల్ పేరు చెప్పగానే గుర్తొచ్చే కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకుని 1963లో కన్నుమూసేదాకా వదల్లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించాడు. భారత జట్టు కోచ్‌గా 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మనోలోను ఆయనతో పోల్చడం అన్యాయమే. కానీ ఇద్దరి వెనకాల ఉన్న ఏర్పాటును పోల్చడం అన్యాయం కాదు.

రహీం ఆటగాడికి నెల తిరిగేసరికి జీతం వచ్చేది, ఎందుకంటే అతను పోలీసు శాఖ ఉద్యోగి. ఓడినా ఉద్యోగం పోదు, మోకాలు దెబ్బతిన్నా పోదు. ఆటగాళ్లు ఈ నగరం గల్లీల్లోంచి వచ్చేవాళ్లు, శిక్షణ ఇక్కడే, బతుకు ఇక్కడే. ఆ స్థిరత్వం మీద నిలబడి ఒక ఉపాధ్యాయుడు పదమూడేళ్లు ప్రయోగాలు చేయగలిగాడు. మనోలో కింద అలాంటి నేల లేదు. ఆటగాళ్లు, డబ్బు, ఆఖరికి మైదానం కూడా ఎక్కడి నుంచో తెచ్చుకున్నవే. అయినా ఆ మూడేళ్లలో ఆయన రాబట్టినది చూస్తే, కప్పు లేకపోయినా ఆ పని విలువ తగ్గేది కాదు. రహీం తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ ఒక్కసారిగా కాకుండా దశాబ్దాల పాటు మెల్లగా తగ్గుతూ వచ్చింది. మనోలో తర్వాత ఒక్క సీజన్ పట్టింది. తేడా కోచ్‌లలో లేదు, వాళ్ల కింద ఉన్న నేలలో ఉంది.

ఈ వాదనను పరీక్షించడానికి ఇంకో సందర్భం దొరికింది. 2024 జూలైలో మనోలోను భారత జట్టు కోచ్‌గా నియమించారు, గోవా క్లబ్ బాధ్యత ఇంకా చేతిలో ఉండగానే. మొదటి మ్యాచ్‌లు ఎక్కడంటే గచ్చిబౌలిలోనే. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మారిషస్‌తో 0-0, సిరియా చేతిలో 0-3. నవంబర్‌లో మళ్లీ అక్కడే మలేషియాతో 1-1. కప్పు గెలిచిన సీజన్‌లో ఇక్కడ ఒక్క మ్యాచ్ ఆడించలేకపోయిన మనిషికి, జాతీయ జట్టుతో ఇక్కడ మూడు మ్యాచ్‌లు దొరికాయి. ఒక్కటీ గెలవలేదు. మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, అది మాల్దీవుల మీద. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో 0-1 ఓటమి తర్వాత, జూలైలో పదవి వదిలేశాడు.

"చూశారా, హైదరాబాద్‌లో గెలిచింది ఓగ్బెచే వల్ల, ఈయన వల్ల కాదు" అన్నవాళ్లు అప్పుడు చాలామంది. అదే ఏడాది మేలో గోవాతో ఆయన సూపర్ కప్ గెలిచిన సంగతి వాళ్లు చెప్పరు, ఫైనల్లో జంషెడ్‌పూర్‌పై 3-0. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మనోలో ఎలాంటి కోచో తెలుస్తుంది. ఆయన పని రోజూ జరిగే పని. ఒక వింగర్‌ను ఫుల్‌బ్యాక్‌గా మార్చడానికి నెలల తరబడి పొద్దున్నే మైదానంలో అతన్ని నిలబెట్టాలి. డిసెంబర్‌లో మూడు వరస ఓటములు చవిచూసిన జట్టుకు ఓడకుండా ఉండడం నేర్పాలంటే జనవరి, ఫిబ్రవరి రెండూ చేతిలో ఉండాలి. జాతీయ జట్టు కోచ్‌కు దొరికేవి మ్యాచ్‌కు ముందు కొద్ది రోజులు. పైగా అప్పుడు ఆయన సగం మనసు గోవా పట్టిక మీద ఉంది, రెండు కుర్చీల్లో కూర్చోవడానికి ఒప్పుకోవడం పూర్తిగా ఆయన తప్పే. హైదరాబాద్‌లో ఒక్క కుర్చీ, మూడేళ్ల సమయం, నేర్చుకోవడానికి సిద్ధంగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాళ్లు దొరికారు. ఆ మూడూ ఒకేచోట మళ్లీ దొరికింది గోవాలోనే, అందుకే జాతీయ జట్టు వదిలాక తిరిగి అక్కడికే వెళ్లాడు.